తొమ్మిదో కాసెట్టు

జూన్ 2, మంగళవారం

ఇవాళ మా కళ్ళద్దాల షాపుకి మేనకోడలు వచ్చింది. దూరంగా ఉన్న అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయట. చూస్తే రెండు కళ్ళకీ ముప్పావు నంబరు. కంగారు పడాల్సిందేమీ లేదు. ఫ్రేములు చూపిస్తే మాత్రం అల్మరాలో ఉన్నవన్నీ కిందికి దింపించి, చివరికి మొదట చూసిందే తీసుకుంది. అచ్చం మా చెల్లెలే.

చెల్లెలి ఇల్లు వంతెనకి అవతల. నడిస్తే అరగంట. ఆ ఇంటి గడప తొక్కి ఇరవై ఆరేళ్ళయింది. పెళ్ళిళ్ళలోనో పరామర్శల్లోనో ఎదురుపడితే బావ "బాగున్నారా?" అంటాడు. "బాగున్నానండీ" అంటాను. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకుంటూ ఒకే సైకిలు మీద తిరిగిన మనుషులం. మేనకోడలికి మాత్రం మా పట్టింపులతో పని లేదు. వస్తుంది, నా డబ్బాలో టిఫిను సగం తినేసి పోతుంది.

నేను వేరేవాళ్ళ అద్దం సానపడుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని, చెవుల్లో ఏవో పెట్టుకుని తల ఊపుతోంది. "ఏం వింటున్నావే?" అన్నాను. ఒకటి తీసి నా చెవిలో పెట్టింది.

ఎవరో పాడుతున్నాడు. లేత గొంతు. పక్కన ఒక్క గిటారు, ఇంకేం లేదు. పాటలో దిగులు ఉంది గానీ నడక మాత్రం హుషారుగా ఉంది. రెండు నిమిషాలు సాన ఆపేసి విన్నాను. "బాగా పాడుతున్నాడే. ఎవరీ కుర్రాడు?"

"మామయ్యా, నన్ను ఆటపట్టిస్తున్నావా? మీ పెద్దాయనే కదా! తొమ్మిదోది. ఆయన కాసెట్లన్నీ ఫోన్లోకి వచ్చేశాయి."

"కాదు" అన్నాను. "తొమ్మిదోది నాకు తెలీదా? అది ఇది కాదు."

"పేరు చూడు, ఇదిగో." చూపించింది. పేరు అదే. పాటలూ అవే, వరసా అదే. నాకు ఒళ్ళు మండింది.

"నువ్వూ నాన్నా మాటలు మానేసింది దీని గురించే కదా?" అంది.

"దీని గురించి కాదు."

"మరి?"

"నీకెందుకు?"

పిల్ల రెండో చెవిలోది కూడా తీసేసింది. తర్వాత మెల్లగా అంది: "నాన్న రిటైరై నెల దాటింది. పొద్దున్న లేస్తే కిటికీ దగ్గర కుర్చీ. పేపరు ఒకటే నాలుగుసార్లు చదువుతాడు. ఒకప్పుడు స్నానం చేస్తూ పాడితే వీధి చివరిదాకా వినపడేదని అమ్మ అంటుంది. నిజమేనా? నేను పుట్టాక నాన్న పాడగా ఒక్కసారీ వినలేదు మామయ్యా. ఎలా ఉండేది?"

చేతిలో అద్దం అంచు పెచ్చు లేచింది. దాన్ని పక్కన పారేసి ఇంకోటి తీశాను.

జూన్ 3, బుధవారం

వేగం పెంచేశారు. అంతే అయ్యుంటుంది. ఈ రోజుల్లో ఎవరికీ దేన్నీ నిదానంగా వినే ఓపిక లేదు, చచ్చి పైనున్న మనిషి పాటని కూడా తరుముతున్నారు.

జూన్ 5, శుక్రవారం

మా ఆవిడ అక్కగారింటికి వెళ్ళింది. ఇల్లంతా నాదే. ముందుగదిలో కూర్చుంటే అన్నీ గుర్తొస్తున్నాయి, రాసేస్తే పోతుంది.

మంగళవారం బృందం ఆరుగురం. నేను, బావ, పోస్టుమాస్టరు, లెక్కల టీచరమ్మ, కాంపౌండరు, లాంగ్ రూటు బస్సు డ్రైవరు. అప్పటికి పోస్టుమాస్టరు పోస్టుమాస్టరు కాలేదు, పార్సిళ్ళ గదిలో గుమాస్తా. డ్రైవరుకి మంగళవారం డ్యూటీ లేదు, అందుకే మా సభలన్నీ మంగళవారమే. సాయంత్రం ఆరింటికి ఈ గదిలోనే చాప పరిచేవాళ్ళం. పెద్దాయన పాటలు తప్ప ఇంకో మాట ఉండేది కాదు. పెద్దాయన అంటే అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళవాడు. మేం ఇరవైల్లో ఉన్నాం మరి, మాకు పెద్దాయనే.

కొత్త కాసెట్టు వస్తోందంటే పదిరోజుల ముందు నుంచే నిద్రలు ఉండేవి కావు. సంగీతం షాపుకి వచ్చే పార్సిలు ముందు పోస్టాఫీసుకి రావాలి కదా. గుమాస్తా దాన్ని పట్టుకుని ఊపి చూసేవాడు. లోపల గలగలమంటే కాసెట్లే. వెంటనే మా షాపుకి ఫోను: "వచ్చిందిరోయ్!" అంతే, పెట్టేసేవాడు. నేను సాన చక్రం అలా తిరుగుతుండగానే వదిలేసి పరుగు. మా యజమాని రెండుసార్లు ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడు. తీసేసినా పరిగెత్తేవాణ్ణే.

మా ఊరికి ఒక్కటే వచ్చేది. అది నేను కొనేవాణ్ణి, ఎందుకంటే రెండు అరల టేప్‌రికార్డరు మా ఇంట్లోనే ఉండేది. ఎడమ అరలో అసలుది పెట్టి, కుడి అరలో ఖాళీ కాసెట్టు పెట్టి, అందరికీ కాపీలు చేసి ఇచ్చేవాణ్ణి. దానికి కొన్ని నియమాలు పెట్టాను. అట్ట మీద రాసి గోడకి అంటించాను కూడా.

ఒకటి, అసలు కాసెట్టు ఒక్కసారే తిరగాలి, కాపీ తీసేటప్పుడు. టేపు అరిగిపోకూడదు. తర్వాత బీరువాలోకి పోవాలి. మిగతా కాపీలు ఆ మొదటి కాపీ నుంచే. రెండు, కాపీ అందిన వారం రోజులూ ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా వినాలి, ఒకరితో ఒకరు ఆ పాటల ఊసు ఎత్తకూడదు. మూడు, మంగళవారం చర్చలో టేపు పెట్టకూడదు. ఎవరికి ఏం గుర్తుంటే దాని మీదే మాట్లాడాలి. మనసులో నిలవని పాట పాటే కాదని నా వాదన. అందరూ ఒప్పుకున్నారు. టీచరమ్మ అయితే "ఇంత క్రమశిక్షణ మా బళ్ళో కూడా లేదండీ" అని మెచ్చుకుంది.

బావ అప్పటికి ఇంకా బావ కాదు, స్నేహితుడే. సర్వే ఆఫీసులో పటాలు గీసేవాడు. సైకిలు అతనిది, తొక్కేది నేను. వెనక కూర్చుని పాడేవాడు. పాటల్లో వయొలిన్లు వచ్చేచోట నేను ఈల వేసేవాణ్ణి. వంతెన మీద గాలికి ఆ గొంతు ఇంకా సాగేది. ఎదురొచ్చేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నా ఈల కోసం మాత్రం ఎవరూ ఆగలేదు. ఊళ్ళో చిన్న బ్యాండు ఒకటి ఉండేది, వాళ్ళతో కలిసి ఫంక్షన్లలో పాడేవాడు. అలా పాడుతుంటే విని మా చెల్లి ఇతన్నే చేసుకుంటానంది. నేనే దగ్గరుండి పెళ్ళి చేశాను. పీటల మీద కూర్చుని కూడా కూనిరాగం తీస్తుంటే నేను గిల్లాను. ఏం రోజులవి! అన్నం తినేటప్పుడూ నవ్వే, పోట్లాడుకునేటప్పుడూ నవ్వే.

తొమ్మిదోది వచ్చినప్పుడు పార్సిల్లో రెండున్నాయి. ఒకటి నేను, ఒకటి బావ. మొట్టమొదటిసారి అతను సొంతంగా అసలు కాసెట్టు కొనుక్కున్నాడు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకెళ్ళాడు. మిగతా నలుగురికీ కాపీలు ఎప్పటిలాగే నేనే.

ఎనిమిదింటిలో ముప్పై వయొలిన్లతో పాడినవాడు, తొమ్మిదోదానికి అందరినీ పంపించేసి ఒక్క గిటారుతో కూర్చున్నాడు. ఊరూరా అభిమానులు రెండుగా చీలిపోయారని తర్వాత పేపర్లో చదివాను. మా బృందం కూడా చీలింది. ఐదుగురం ఒకవైపు, బావ ఒక్కడూ ఒకవైపు. మాకు ఆ కాసెట్టు నచ్చలేదు. గొంతు ముసలిదైపోయింది, పాట ఈడుస్తోంది, మనిషికి ఓపిక అయిపోయిందన్నాం. బావేమో ఇంత పడుచుగా ఎప్పుడూ పాడలేదన్నాడు. మాటా మాటా పెరిగింది. ఏదో అన్నాను. మనస్పర్థ వచ్చింది. ఎవరింట్లో రావు? ఆ తర్వాత బావ మా ఇంటికి రాలేదు, పాడనూ లేదు. పాడకపోవడం అతని ఇష్టం. నేను పాడొద్దన్నానా?

చెయ్యి నొప్పి పుడుతోంది. ఇంతటితో ఆపుతాను.

జూన్ 7, ఆదివారం

పోస్టుమాస్టరుకి ఫోను చేశాను. వినికిడి తగ్గింది, గొంతు మాత్రం పెరిగింది. తొమ్మిదోది గుర్తుందా అంటే "ఎందుకు గుర్తుండదు!" అని నా చెవి చిల్లులు పడేలా అరిచాడు.

"అవి పాటలటయ్యా? ఎత్తు ఎక్కలేని లారీ! మొదటి పాట పూర్తయ్యేలోపు గడ్డం గీసుకుని, స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ కూడా చేసుకునేవాణ్ణి. ఆయన ఇంకా రెండో చరణంలోనే ఉండేవాడు. గొంతు చూడబోతే నూతిలోంచి వస్తున్నట్టు. ఆ ఒక్కదానితో ఆయన మీద ప్రేమంతా పోయింది నాకు."

"మరీ అంత నెమ్మదిగా ఏం లేదు లెండి."

"నీకు లేదేమో. నాకుంది!"

అతను చెప్పినంత అన్యాయంగా నాది లేదు. ఈ మాట అప్పట్లో కూడా అనుకున్నట్టున్నాను. పోనీలే. మేనకోడలి ఫోన్లో విన్న సంగతి చెప్పాను. "వేగం పెంచుంటారు" అన్నాడు. నేనూ అదే అన్నాను. ఇద్దరం ఒకే మాట మీదున్నాం, మనసుకి కాస్త హాయిగా అనిపించింది.

మా ఆవిడ ఊరి నుంచి వచ్చేసింది, పక్క గదిలోంచి అంతా విన్నది. "అసలు కాసెట్టు బీరువాలోనే ఉంది కదా. పెట్టి వినండి, తేలిపోతుంది."

"అసలుది ఒక్కసారే తిరగాలి."

"ఎవరన్నారు?"

"నియమం."

"ఎవరు పెట్టారు?"

నేను పేపరు తిరగేశాను.

జూన్ 9, మంగళవారం

ఇవాళ దర్జీ ఆవిడ జోడు తిరిగి తెచ్చింది. "పెట్టుకుంటే నేల మీదికి లేచొస్తోందండీ, మెట్టు అనుకుని ఉత్తిచోట కాలేశాను" అంది. చూస్తే, కుడి అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ బిగించి ఇచ్చాను. ముప్పై ఐదేళ్ళలో ఇలాంటి పని చేయలేదు. క్షమించమని అడిగి, అక్కడే కూర్చోబెట్టి మార్చి ఇచ్చాను.

మేనకోడలు జోడు పట్టుకెళ్ళింది. పెట్టుకుని వీధిలోకి చూసి "అబ్బ, ఆకులు విడివిడిగా కనిపిస్తున్నాయి!" అంది. వెళ్ళేటప్పుడు, "అడిగినదానికి నువ్వింకా చెప్పలేదు" అంది.

జూన్ 11, గురువారం

బీరువా తాళం వెతికాను. దొరికింది. మళ్ళీ పెట్టేశాను.

జూన్ 13, శనివారం

తీశాను.

మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఇంక షాపుకి వెళ్ళలేదు. తలనొప్పని ఫోను చేశాను. అసలు కాసెట్టు బట్టలో చుట్టి ఉంది, పెట్టె మీద నా చేత్తో రాసిన తారీకు. టేప్‌రికార్డరులో ఎడమ అర ఎప్పుడో పాడైంది, తొమ్మిదోది వచ్చిన ఏడాదే తిరగడం మానేసింది. కుడి అరే వాడుతున్నాను అప్పట్నుంచీ. ఇన్నేళ్ళూ మిగతా ఎనిమిదింటి కాపీలూ దాంట్లోనే విన్నాను, అన్నీ బాగానే ఉంటాయి. కనుక మిషను తప్పు లేదు. ఇదంతా ముందే ఆలోచించి పెట్టుకుని, అసలు కాసెట్టు కుడి అరలో వేసి మీట నొక్కాను.

మేనకోడలి ఫోన్లో ఉన్నదే వచ్చింది. అదే లేత గొంతు. అదే హుషారు. ఎవరూ వేగం పెంచలేదు.

తీసి, నా కాపీ వేశాను. ముసలి గొంతు. ఈడ్పు.

మళ్ళీ అసలుది. మళ్ళీ కాపీ. ఆరేడుసార్లు మార్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఆ ఎడమ అర అప్పటికే నీరసంగా తిరిగేది. నేను చెప్పాను మీకు" అంది.

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు విన్నదెప్పుడు?"

అసలుది తిరిగింది ఎడమ అరలో. అది నెమ్మదిగా తిరిగింది. కుడి అర సరిగ్గానే ఉంది కాబట్టి, ఆ నెమ్మదిని ఉన్నదున్నట్టు పట్టుకుంది. అది నా కాపీ. అసలుది బీరువాలో పెట్టేసి, ఆ కాపీని మళ్ళీ అదే ఎడమ అరలో వేసి మిగతా నలుగురికీ తీశాను. అంటే నేను విన్నది ఒకసారి నెమ్మది, వాళ్ళు విన్నది రెండుసార్లు నెమ్మది. పోస్టుమాస్టరు ఇస్త్రీ కూడా చేసుకున్నాడంటే చేసుకోడూ మరి!

ఆరుగురిలో పెద్దాయన పాడిన పాట విన్నది బావ ఒక్కడే. మేం ఐదుగురం నా మిషను పాట విన్నాం.

పావు నంబరు తేడా వస్తే మనిషికి తలనొప్పి వస్తుందని ముప్పై ఐదేళ్ళుగా ఊరందరికీ చెబుతున్నవాణ్ణి నేను. మొన్నటి ఒక్క జోడు తప్ప, అద్దం బిగించాక రెండుసార్లు కొలవకుండా ఎవరికీ ఇవ్వలేదు. కాపీ చేసిన కాసెట్టుని అసలుదానితో ఒక్కసారి పోల్చి చూడలేదు. చూడకూడదని నేనే నియమం పెట్టాను.

తర్వాత అసలుది మొదటి నుంచి చివరి దాకా విన్నాను. మూడో పాట దగ్గర ఏడ్చాను. ఇది చదివేది నేనే, సిగ్గెందుకు? ఆ పాటలో ఆయన దిగులుగా ఉన్నది నిజమే గానీ, ఆ దిగులుని చూసి తనే నవ్వుకుంటున్నాడు. ఆ నవ్వు నా కాపీలో లేదు. బావ ఆ రోజు చెప్పింది సరిగ్గా ఇదే.

జూన్ 14, ఆదివారం

ఐదో తారీకున "ఏదో అన్నాను" అని రాసుకున్నాను. ఏమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

అందరం ఆ కాసెట్టుని చెండాడుతున్నాం. "మీరు చెప్పేది నేను విన్నదేనా? వేరే ఏదో కాసెట్టులా ఉందే!" అన్నాడు బావ. తర్వాత "టేపు పెట్టు, తేల్చుకుందాం" అన్నాడు. నేను గోడ మీది అట్ట చూపించాను. మూడో నియమం. "సరే, అయితే పాడి చూపిస్తా" అని మూడో పాట ఎత్తుకున్నాడు. మాకు తెలిసిన పాట కాదది. వేగం వేరు, శ్రుతి వేరు. డ్రైవరు ఫక్కుమని నవ్వాడు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"పాట అది కాదు. నీకు చెవీ లేదు, గొంతూ లేదు. రేడియోలో కూడా ఇలాగే పాడి మా పరువు తియ్యకు" అన్నాను.

ఆ నెలాఖరుకి వచ్చి పాడి వినిపించమని రేడియోవాళ్ళు అతనికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం జేబులోనే పెట్టుకుని తిరిగేవాడు. పాట మధ్యలో ఆగి నా వంక చూశాడు. కోపంగా కాదు. నేను నిజమే చెబుతున్నానా అని వెతుకుతున్నట్టు చూశాడు. చెల్లి టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. పళ్ళెం కింద పెట్టి, చెప్పులేసుకుంది. ఇద్దరూ వెళ్ళిపోయారు.

రేడియోకి అతను వెళ్ళలేదు. బ్యాండువాళ్ళు ఇంటికి పిలవడానికి వెళితే, "నాకు పాట సరిగ్గా వినపడదండీ, ఇంకెవరినైనా చూసుకోండి" అన్నాడట. ఆ మాట కాంపౌండరు వచ్చి నాకు చెప్పాడు. విన్నప్పుడు నాకు కొంచెం సంతోషమేసింది. కొంచెమే. కానీ వేసింది. వంతెన మీద అందరూ అతని కోసమే ఆగేవాళ్ళు కదా. ఇది ఇప్పటివరకూ ఎక్కడా రాయలేదు. రాశాను.

జూన్ 16, మంగళవారం

వంతెన దాకా వెళ్ళాను. వాన వచ్చేలా ఉంటే తిరిగి వచ్చేశాను. వాన రాలేదు.

జూన్ 18, గురువారం

పోస్టుమాస్టరుకి చెప్పేశాను. ఫోన్లో చాలాసేపు చప్పుడు లేదు. వినపడలేదేమో అని మళ్ళీ చెప్పబోయాను.

"వినపడిందయ్యా" అన్నాడు. "అయితే ఇరవై ఆరేళ్ళుగా నేను తిట్టింది ఎవర్ని?"

"నా టేప్‌రికార్డరుని."

"నీ దుంప తెగ!" అని కాసేపు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఆ రోజు నేనూ నవ్వానయ్యా. మీ బావ మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. వెళ్ళి చెప్పు. ఆదివారం లోపు నువ్వు వెళ్ళకపోతే నేను ఆటో కట్టించుకుని వెళ్తాను. నా నోటి సంగతి తెలుసుగా, వీధంతా వింటుంది."

వెళ్ళి ఏమని చెప్పాలి? నీ చెవి మంచిదే, నా మిషనే చెడ్డది, ఇంక పాడుకో అనా? పాడే వయసంతా అయిపోయాక?

జూన్ 21, ఆదివారం

వెళ్ళాను.

టేప్‌రికార్డరూ రెండు కాసెట్లూ సంచిలో వేసుకుని పొద్దున్న పదింటికి బయల్దేరాను. నేనూ వస్తానంది మా ఆవిడ. వద్దన్నాను. తలుపు చెల్లి తీసింది. నన్ను చూసి, నా చేతిలో సంచి చూసి, "ఎవరికైనా ఏమైనా అయిందా అన్నయ్యా?" అంది. అలాంటప్పుడు తప్ప రాని మనిషినైపోయాను.

బావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. "రండి, కూర్చోండి" అన్నాడు. జుట్టు బాగా పల్చబడింది. పేపరు నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు.

ముందు చెప్పుకోవాలనుకున్న మాటలన్నీ పోయాయి. మిషను బల్ల మీద పెట్టి, అద్దం కొనడానికి వచ్చినవాళ్ళకి చెప్పినట్టు చెప్పాను. ఎడమ అర, కుడి అర, నా కాపీ, వాళ్ళ కాపీలు. చెప్పినంతసేపూ అతని మొహంలో ఏమీ కదల్లేదు. అయ్యాక, "మీరు విన్నది ఒకసారి పెట్టండి" అన్నాడు.

పెట్టాను. కళ్ళు మూసుకుని మొదటి పాట మొత్తం విన్నాడు. మీట తనే నొక్కి ఆపాడు.

"ఇది విని ఉంటే నేనూ తిట్టేవాణ్ణే" అన్నాడు.

"తప్పు నాది" అన్నాను.

"ఆ రోజు టేపు పెట్టమన్నాను."

"అన్నావు."

"పెట్టలేదు."

"పెట్టలేదు."

లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. చెల్లి నా పక్కన నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది. "మేం కలిసే విన్నాం అన్నయ్యా ఆ కాసెట్టు. మీరు పాడిందే కరెక్టు అని ఆయనతో ఎన్నిసార్లు చెప్పానో. నువ్వు నా పెళ్ళానివి, అలాగే అంటావులే అనేవారు" అంది. నేను వెళ్ళిపోనా అన్నాను. ఉండమంది. గడియారం చూస్తూ కూర్చున్నాను, పావుగంట పైనే అయింది.

తిరిగి వచ్చి కూర్చున్నాడు. మొహం కడుక్కున్నట్టుంది.

"ఆ రోజు ఇంటికొచ్చి మూడుసార్లు విన్నాను" అన్నాడు. "నేను పాడిందే ఉంది దాంట్లో. కానీ ఐదుగురు ఒకేసారి ఎలా పొరపాటు పడతారు? టీచరమ్మ కూడా నవ్వింది. నాలోనే ఏదో తేడా ఉంది, నాకే తెలియడం లేదు అనుకున్నాను. తర్వాత ఏ పాట ఎత్తుకున్నా, ఇది సరిగ్గా ఉందా, నాకొక్కడికే ఇలా వినిపిస్తోందా అని అనుమానం. అనుమానంతో ఎవడు పాడగలడు?"

"క్షమించు బావా" అన్నాను. ఇంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు. అతను సరే అనలేదు, వద్దనీ అనలేదు. చెల్లి లోపలికి వెళ్ళి స్టవ్వు వెలిగించిన చప్పుడైంది.

చాలాసేపటికి, "సరే. అసలుది ఇప్పుడు విన్నారుగా. ఎలా ఉంది?" అన్నాడు.

అద్భుతం అనడానికే నోరు తెరిచాను. ఏడ్చానని కూడా చెబుదామనుకున్నాను. కానీ ఆ "విన్నారుగా" దగ్గర ఆగిపోయాను. బాగుందంటాను, సంతోషమండీ అంటాడు. టీ తాగుతాం, గుమ్మం దాకా వచ్చి సాగనంపుతాడు. మళ్ళీ ఏ పెళ్ళిలోనో బాగున్నారా అంటాడు. నాకు భయమేసింది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే నోట్లోంచి వచ్చేసింది.

"బానే ఉంది గానీ, మూడో పాట మాత్రం నాకు ఎక్కలేదు. అంత దిగులు పాటని అలా పరిగెత్తించడమేంటి?"

బావ తల ఎత్తాడు.

"పరిగెత్తించాడా?"

"మరి? ఎవరో తరుముతున్నట్టు."

"ఒరేయ్!" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ తర్వాత. "నీ మొహం! అది పరుగురా? దిగులొచ్చిన ప్రతివాడూ మూల కూర్చుని మూలుగుతాడా? నవ్వుతున్నాడురా అక్కడ! ఆ 'పో' అన్నచోట ఎంత తేలిగ్గా వదిలేశాడో విన్నావా అసలు? చూడు—"

ఎత్తుకున్నాడు.

గొంతు తుప్పు పట్టింది. మొదటి మాట సగం గాలే వచ్చింది. రెండో పాదంలో జీర. పై స్థాయికి వెళ్ళేచోట చీలింది, దగ్గి మళ్ళీ అందుకున్నాడు. కానీ నడక అదే, శ్రుతి అదే, బీరువాలోంచి తీసిన కాసెట్లో ఉన్నట్టే. కుర్చీ అంచుకి జరిగి, చేత్తో గాలిలో నాకు లెక్క చూపిస్తూ పాడుతున్నాడు. నన్ను ఓడించాలన్న కోపంలో ఉన్నాడు, పాడుతున్న సంగతి అతనికి తెలియదు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మేనకోడలు లోపలి గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది, కొత్త కళ్ళజోడు చేత్తో పట్టుకుని. దాని మొహం చూడలేక నేను నేల చూశాను. ఆ రోజు నేను చెయ్యి అడ్డం పెట్టిన చోటు వచ్చింది. బావ దాన్ని దాటి ముందుకు వెళ్ళిపోయాడు.

పాట అయిపోయింది. ఆయాసపడుతూ, "ఇప్పుడు చెప్పు" అన్నాడు.

తల అడ్డంగా ఊపాను. "ఏమో బావా. నాకు ఎక్కలేదు."

"చెవులు ఎక్కడ తాకట్టు పెట్టావురా! సరిగ్గా విను ఈసారి!" అని మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.

చెల్లి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. నేను ఎక్కడ మెత్తబడిపోతానో అని, ఒప్పుకోవద్దు అన్నట్టు నాకు చెయ్యి ఊపుతోంది.

మధ్యాహ్నం భోజనాల వేళ దాకా నాలుగుసార్లు పాడాడు. నాలుగుసార్లూ నేను ఒప్పుకోలేదు.